మూడు మిల్లీమీటర్ల స్క్విడ్ పిల్లకు పేరు పెట్టడం ఎలా: వల నుంచి మ్యాపు దాకా, విశాఖ తీరానికి ఒక మార్గదర్శి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున దిగే సరుకులో స్క్విడ్ ఏదో చూపించమంటే చిన్నపిల్లాడు కూడా చూపిస్తాడు. పొడవాటి ఒళ్లు, చివర బాణం మొనలా రెక్కలు, పెద్ద కళ్లు, నోటి చుట్టూ ఎనిమిది చేతులు, వాటికి తోడు రెండు పొడుగాటి టెంటకిల్స్. అదే స్క్విడ్ గుడ్డులోంచి బయటపడిన వారానికి ఎలా ఉంటుందో చూసినవాళ్లు మాత్రం తక్కువ. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే ఆవగింజకు కాస్త పెద్ద. ఒంటి మీద ఎర్రటి చుక్కలు కొన్ని. మన తీరంలో తిరిగే మూడు నాలుగు జాతుల పిల్లల్ని ఈ వయసులో పక్కపక్కన పెడితే మైక్రోస్కోపు కింద కూడా తికమక తప్పదు. అక్కడే డీఎన్‌ఏ అక్కరకొస్తుంది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీ మొదటి ఏడాదికో ఈ పని ఎత్తుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీకు సొంత నౌక ఉండదు, అద్దె బోటు ఉంటుంది. సొంత సీక్వెన్సర్ (డీఎన్‌ఏ అక్షరాల వరుసను చదివే యంత్రం) ఉండదు, పక్క డిపార్ట్‌మెంటు పీసీఆర్ మెషీన్ (డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసేది) ఉంటుంది. అది చాలు. కొత్తవాళ్లంతా పీసీఆర్ గురించే టెన్షన్ పడతారు కానీ, నేను చూసినంతలో ఈ పని చెడేది ల్యాబులో కాదు, బోటు మీద.

మా మొదటి ట్రిప్పే అందుకు సాక్ష్యం. ప్లాంక్టన్ (నీళ్లలో తేలే చిన్న జీవులు) సీసాల్లో ఫార్మలిన్ పోయడం అందరికీ అలవాటు, మేమూ అదే పోశాం. పిల్లలు చక్కగా నిలవ ఉన్నాయి, ఫొటోలు అందంగా వచ్చాయి. డీఎన్‌ఏ మాత్రం ఒక్కదాంట్లోంచీ పలకలేదు. ఫార్మలిన్ డీఎన్‌ఏను ప్రొటీన్లతో అతికించేస్తుంది, ముక్కలు కూడా చేస్తుంది. పైగా అది మెల్లగా ఆమ్లంగా మారి, స్క్విడ్ వయసు లెక్కకు పనికొచ్చే స్టాటోలిత్ అనే సున్నపు గింజల్ని కరిగించేస్తుంది. పేరూ పోయింది, వయసూ పోయింది. రెండు రాత్రుల డీజిల్ సముద్రంలో పోసినట్టయింది.

ముందుగా: ఏవి దొరకొచ్చో ఒక జాబితా

ఖాళీ బుర్రతో సముద్రంలోకి వెళ్లకండి. మన తీరంలో మొదట ఎదురుచూడాల్సింది యూరోట్యూథిస్ డువాసెలీ, ఇండియన్ స్క్విడ్ అని పిలిచేది. దేశంలో పట్టే స్క్విడ్‌లో పెద్ద వాటా దీనిదే. దానితోపాటు యూరోట్యూథిస్ సింఘాలెన్సిస్, చిన్న సైజు లోలియోలస్ హార్డ్‌వికీ, రాళ్ల చుట్టూ తిరిగే సెపియోట్యూథిస్ లెస్సోనియానా. ఇవన్నీ లోలిజినిడే కుటుంబం. గుడ్లను జిగురు గొట్టాల్లో పెట్టి అడుగున ఇసుకకో, రాయికో, తాడుకో అంటిస్తాయి. తీరానికి దగ్గర్లో, లోతు తక్కువ నీళ్లలో దొరికే పిల్లలు ఎక్కువగా వీటివే.

బయటి లోతుల నుంచి కొట్టుకొచ్చే స్థెనోట్యూథిస్ ఔవలానియెన్సిస్ వేరే గుంపు. దాని పిల్లను డీఎన్‌ఏ లేకుండానే పట్టేయొచ్చు. టెంటకిల్స్ రెండూ అతుక్కుపోయి ఏనుగు తొండంలా ఒక్కటిగా ముందుకు సాగి ఉంటాయి. ఒకసారి చూస్తే మరిచిపోరు.

సెఫలోపాడ్ పిల్లల్ని పారలార్వా అంటారు. ఆ మాటను 1988లో యంగ్, హార్మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. వీటికి సీతాకోకచిలుకలా రూపం పూర్తిగా మారిపోయే దశ లేదు, కాబట్టి లార్వా అనలేం. అలాగని పెద్దవాటిలా బతకవు, ప్లాంక్టన్‌లో తేలుతూ ఉంటాయి. ఈ పనిలో నేను పిల్ల అన్నా పారలార్వా అన్నా ఒకటే.

పెద్ద స్క్విడ్‌లతో సొంత రిఫరెన్స్ కట్టుకోండి

పిల్ల డీఎన్‌ఏను పోల్చి చూడటానికి పేరు తెలిసిన పెద్దవాటి డీఎన్‌ఏ కావాలి. ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. ఆన్‌లైన్ డేటాబేస్‌లో వేలకొద్దీ సీక్వెన్సులు ఉండగా ఇదెందుకు అనిపిస్తుంది. అక్కడ ఉన్న పేర్లు ఎవరో ఒకరు పెట్టినవే, తప్పు పేరుతో ఎక్కినవీ ఉన్నాయి. తప్పు పేరున్న సీక్వెన్స్‌తో మీ పిల్ల నూటికి నూరు శాతం సరిపోతే, మీకు వచ్చేది నూటికి నూరు శాతం తప్పు.

హార్బర్‌కు వెళ్లి ఒక్కో జాతివి ఐదు నుంచి పది పెద్ద స్క్విడ్‌లు కొనండి. మగవీ ఆడవీ రెండూ కావాలి. మాంటిల్ (తల వెనక గొట్టంలాంటి ఒళ్లు) పొడవు, రెక్క పొడవు కొలవండి. చేతుల మీద పట్టుకునే గిన్నెల్లాంటి చూషకాల లోపల ఉండే కొమ్ము ఉంగరాలను సన్న పట్టకారుతో తీసి మైక్రోస్కోపు కింద చూడండి. డువాసెలీలో చేతి చూషకాల ఉంగరాల ముందంచున పళ్లు వెడల్పుగా, చతురస్రంగా కనిపిస్తాయి. మగవాటిలో ఎడమవైపు కింది చెయ్యి, వీర్యకోశాలను అందించడానికి మారిన హెక్టోకోటైలస్, ఎంత పొడవున మారిందో కొలవండి. డువాసెలీ మగదాన్లో సగానికి పైగా మారి ఉంటుంది. పొట్ట తెరిచి సిరా సంచి చూడండి. మన యూరోట్యూథిస్ జాతుల్లో ఆ సంచి మీద జత వెలుగు అవయవాలు ఉంటాయి, లోలియోలస్‌లో ఉండవు. ఈ ఒక్క గుర్తు చాలా గొడవలు తీరుస్తుంది.

తర్వాత మాంటిల్ కండ చిన్న ముక్క ఇథనాల్‌లో, మిగతా ఒళ్లంతా అదే నంబరుతో వోచర్‌గా దాచండి. రేపు పేరు మీద అనుమానం వస్తే వెనక్కెళ్లి చూడటానికి ఒళ్లు ఉండాలి కదా.

పెద్దవాటిలోనే పేర్లు ఎంత జారుతాయో చెప్పడానికి జపాన్ ఇషిగాకి ద్వీపం కథ బాగుంటుంది. అక్కడి జాలర్లు సెపియోట్యూథిస్ లెస్సోనియానాను ఎప్పట్నుంచో మూడు పేర్లతో పిలిచేవారు: అకా-ఇకా అంటే ఎర్రది, షిరో-ఇకా అంటే తెల్లది, మూడోది కువా-ఇకా. శాస్త్రవేత్తలకు అది ఒకే జాతి. 1990ల్లో ఎంజైముల జన్యు పరీక్ష చేస్తే ఆ మూడూ ఒకదానితో ఒకటి కలవని వేర్వేరు గుంపులని తేలింది. అందుకే ఆ పేరు కింద ఇప్పుడు ఒక జాతి సముదాయం ఉందని ఒప్పుకుంటున్నారు. మన తీరంలో దొరికిన లెస్సోనియానా ఆ మూడింట్లో దేనికి దగ్గరో చూడకుండా పేరు రాసేయకండి.

స్టేషన్లు, నెలలు, అనుమతులు

తీరానికి అడ్డంగా గీతలు గీసుకోండి. ఒక్కో గీత మీద 10, 20, 30, 50 మీటర్ల లోతుల దగ్గర ఒక్కో స్టేషన్, అంటే వల వేసే చోటు. సరంగులు, అంటే బోటు నడిపేవాళ్లు, లోతును బారల్లో చెబుతారు. బార అంటే సుమారు 1.8 మీటర్లు, మీ పుస్తకంలో రెండూ రాసుకోండి. విశాఖ దగ్గర ఒక గీత, భీమిలి వైపు ఒకటి, కాకినాడ దిక్కున గోదావరి నీటి ప్రభావం తగిలేచోట ఒకటి పెట్టుకుంటే మూడు రకాల నీళ్లు వస్తాయి.

గోదావరి ఎందుకంటే, మంచినీటిలో బతికే స్క్విడ్ ప్రపంచంలో ఎక్కడా లేదు. ఒంట్లో ఉప్పును సర్దుకునే శక్తి వీటికి చాలా తక్కువ. వరద నెలల్లో, అంటే సుమారుగా జులై నుంచి అక్టోబర్ వరకు, పై పొరలో ఉప్పు బాగా పడిపోతుంది. పిల్లలు ఆ పొరను తప్పించుకుని కిందికి దిగుతాయా, అసలు ఆ చోటే వదిలేస్తాయా అన్నది మీ మ్యాపు తేల్చగల ప్రశ్న. అందుకని ప్రతి స్టేషన్‌లో ఉప్పు, వేడి కొలత పై నుంచి అడుగు దాకా ఉండాలి. సీటీడీ (ఉప్పు, వేడి, లోతు కలిపి కొలిచే పరికరం) దొరక్కపోతే మూడు లోతుల నీటిసీసాలైనా సరే.

ప్రవాహం సంగతి కూడా నెలల ఎంపికలోనే చూసుకోవాలి. మన తూర్పు తీరపు ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు దక్షిణానికి. ఒకే నెలలో చేసిన సర్వేతో 'పిల్లలు ఇక్కడ పుడతాయి' అని రాస్తే, ఆ మాట ఆరునెలల్లో తిరగబడొచ్చు. కనీసం ఫిబ్రవరి-మార్చి, వరద తగ్గాక నవంబర్, ఈ రెండూ పట్టుకోండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం. పరిశోధన అని చెప్పినా ఇంజన్ బోటు ఊరికే కదలదు. మత్స్యశాఖ నుంచి రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి. స్క్విడ్ మీద వన్యప్రాణి చట్టం ఆంక్షలు లేవు గానీ, మీ వలలో సీహార్స్ పిల్లలు కూడా పడతాయి, వాటికి చట్టరక్షణ ఉంది. కనబడితే నోట్ చేసి, బతికుంటే వదిలేయండి.

ఇంకో మాట: ఇథనాల్. కాలేజీల్లో స్వచ్ఛమైన ఇథనాల్ తెప్పించడమంటే ఎక్సైజ్ కాగితాలు. బోటు మాట్లాడుకోవడం కన్నా ముందు ఆ కాగితం కదపండి. దుకాణంలో దొరికే రంగు కలిపిన స్పిరిట్‌తో సరిపెట్టుకోవద్దు.

వల లాగడం

60 సెం.మీ. బాంగో వల తేలిక. బాంగో అంటే పక్కపక్కన రెండు గుండ్రటి వలలు. ఒకదానికి 500 మైక్రాన్ల కన్ను, రెండోదానికి 333 పెట్టుకోవచ్చు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఒక వల సరుకు మొత్తం ఇథనాల్‌లోకి, రెండోదాని సరుకు మిగతా ప్లాంక్టన్ లెక్కల కోసం మీకిష్టమైన దాంట్లోకి వెళ్తుంది. ఫార్మలిన్ ప్రియులతో పోట్లాట ఉండదు.

ఏటవాలుగా లాగండి. వల అడుగుకు రెండు మూడు మీటర్ల పై దాకా దిగాలి, తర్వాత నిదానంగా పైకి రావాలి. బోటు వేగం 2 నాట్లు, తాడు కోణం నిలువు నుంచి 45 డిగ్రీల దగ్గర నిలవాలి. వదిలిన తాడు పొడవును ఆ కోణం కొసైన్‌తో గుణిస్తే వల ఎంత లోతున ఉందో తెలుస్తుంది. 40 మీటర్ల తాడు వదిలి కోణం 45 ఉంటే వల సుమారు 28 మీటర్ల లోతున ఉంది. అడుగు 30 అయితే ఇక వదలకండి, వల బురదలో కూరుకుపోతుంది. తీరపు స్క్విడ్ పిల్లలు పగలు అడుగుకు దగ్గరగా ఉండే అలవాటున్నవి, కాబట్టి పై పొరలో మాత్రమే లాగి 'లేవు' అనడం పెద్ద పొరపాటు. అవి చురుకైనవి కూడా, వెలుతురులో వలను చూసి తప్పుకుంటాయి. వీలైన ప్రతిచోటా పగలొకసారి, రాత్రొకసారి లాగండి.

వల మూతిలో ఫ్లోమీటర్ (నీళ్లు దాటుతుంటే తిరిగి లెక్కపెట్టే చక్రం) లేకపోతే ఈ పనే అనవసరం. ఎన్ని నీళ్లు వడగట్టామో తెలియకుండా 'మూడు పిల్లలు దొరికాయి' అంటే అర్థం లేదు. లెక్క ఇలా ఉంటుంది. మన ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే జనరల్ ఓషియానిక్స్ 2030ఆర్ మీటర్ మామూలు రోటర్‌కు, చివరి అంకెలోంచి మొదటి అంకె తీసేసి, 26,873తో గుణించి 9,99,999తో భాగిస్తే వల నడిచిన దూరం మీటర్లలో వస్తుంది. తేడా 12,000 అనుకోండి, దూరం 322 మీటర్లు. 60 సెం.మీ. వల మూతి వైశాల్యం 0.283 చ.మీ. గుణిస్తే 91 ఘనపు మీటర్ల నీళ్లు. అందులో 3 పిల్లలు దొరికితే 1000 ఘనపు మీటర్లకు 33. వేర్వేరు లోతుల స్టేషన్లను పోల్చాలంటే, ఆ లెక్కను వల దిగిన లోతుతో గుణించి 10 చ.మీ. సముద్రం కింద ఎన్ని ఉన్నాయో చెప్పడం మేలు. వల 28 మీటర్లు దిగి ఉంటే ఇక్కడ సుమారు 9.

మూతి దగ్గర పాచి చిక్కుకుంటే మీటర్ తిరగదు. ఐదు నిమిషాలు లాగాక తేడా మామూలుకన్నా సగమే ఉంటే ఆ లాగుడు కొట్టేసి మళ్లీ లాగండి. సరంగు గొణుగుతాడు, ఫర్వాలేదు. మా సరంగు ఒకాయన వలలోంచి తీసిన పిల్లను నా అరచేతిలో చూసి, "దీని పేరు తెలుసుకోడానికి ఇంత డీజిల్ తగలేత్తన్నారేటి బాబూ" అన్నాడు. నా దగ్గర వెంటనే జవాబు లేదు.

డెక్ మీద మొదటి పది నిమిషాలు

వల పైకి రాగానే బయటి నుంచి సముద్రపు నీటితో కడగండి, లోపలి నుంచి కాదు. మెష్‌కు అంటుకున్న పిల్ల తర్వాతి స్టేషన్‌లో ఊడిపడితే మీ మ్యాపు అబద్ధం చెబుతుంది. సరుకు తీసుకున్నాక వలను ఇంకోసారి ఉత్తగా కడిగి ఆ నీళ్లు పారబోయండి.

సరుకును తెల్లటి ట్రేలో పోసి టార్చితో ఒక నిమిషం చూడండి. బతికున్న స్క్విడ్ పిల్ల కుదుపుతో వెనక్కి దూకుతుంది, కోపీపాడ్‌లకు (ప్లాంక్టన్‌లోని బుల్లి రొయ్యల్లాంటి జీవులకు) ఆ నడక ఉండదు. వీలైనన్నింటిని వెడల్పు మూతి పిపెట్‌తో వేరు చేసి, 2 శాతం ఇథనాల్ కలిపిన సముద్రపు నీటిలో మత్తుకు పెట్టి, ఫొటో తీయండి. స్కేలు ఫొటోలో పడాలి. తల మీద, మాంటిల్ మీద ఎర్ర, పసుపు చుక్కలు ఎన్ని, ఎలా పేర్చి ఉన్నాయన్నది అప్పుడే కనిపిస్తుంది. ఇథనాల్‌లో ఒళ్లు ముడుచుకుంటుంది, చుక్కలు వెలిసిపోతాయి. రేపు డీఎన్‌ఏ పేరు చెప్పాక ఈ ఫొటోలే ఆ జాతి పిల్ల ఎలా ఉంటుందో నేర్పుతాయి.

ఫొటో అయ్యాక 95 శాతానికి తగ్గని ఇథనాల్. మిగిలిన ప్లాంక్టన్‌కు కూడా అదే, కానీ సీసాలో సరుకు నాలుగో వంతు మించకూడదు. ప్లాంక్టన్ అంటే చాలావరకు నీళ్లే, అవి ఇథనాల్‌ను పలుచన చేస్తాయి. 24 గంటల్లో ఆ ఇథనాల్ పారబోసి కొత్తది పోయండి, తీరానికి రాగానే మైనస్ 20 డిగ్రీల్లో పెట్టండి. రెండు రోజుల ట్రిప్పయితే ఇథనాల్ మార్చే పని బోటు మీదే చేయాలి, తిరిగొచ్చాక చూద్దాం అనుకుంటే అంతే.

లేబుల్ సీసా లోపల ఉండాలి, మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో. బాల్‌పెన్ సిరా ఇథనాల్‌లో కరిగి మాయమవుతుంది. స్టేషన్, తేదీ, సమయం, పగలా రాత్రా, ఏ వల, మీటర్ అంకెలు.

మైక్రోస్కోపు కింద: పెద్ద గుంపులు విడదీయడం

ఎనిమిది చేతులు మాత్రమే ఉండి, ఒంటి నిండా సన్నటి ముళ్ల కుచ్చులు కనబడితే ఆక్టోపస్. తొండం ఉంటే బయటి సముద్రపు స్క్విడ్. ఒంట్లో తెల్లటి సున్నపు పలక ఉంటే కటిల్‌ఫిష్. దాని పిల్లలు పుట్టగానే అడుగు పట్టేస్తాయి కాబట్టి వలలో అరుదు. కంటి మీద పారదర్శకమైన పొర కప్పి ఉంటే లోలిజినిడే. ఐదారు మిల్లీమీటర్లతో, రెక్క ఒళ్లంతా పాకి ఉంటే సెపియోట్యూథిస్ అయ్యే అవకాశం ఎక్కువ, దాని పిల్ల పుట్టుకతోనే పెద్దది. మిగిలినవన్నీ 'లోలిజినిడే, తెలియదు' అనే డబ్బాలోకి. ఆ డబ్బాయే మీ అసలు పని.

అన్నింటినీ సీక్వెన్స్ చేయాలా? 30 లోపు ఉంటే అన్నీ చేయండి. వందలు ఉంటే ప్రతి స్టేషన్, ప్రతి సైజు నుంచి కొన్ని ఎంచండి, అందంగా ఉన్నవే కాదు. ఇక్కడ గణాంకాల్లో ఒక సులువు సూత్రం ఉంది. చీటీ వేసినట్టు ఎంచిన 30 పిల్లలూ ఒకే జాతిగా తేలితే, ఆ గుంపులో వేరే జాతి 10 శాతం మించి లేదని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 3ని సంఖ్యతో భాగించడమే. 10 మాత్రమే చేస్తే ఆ హద్దు 30 శాతం దగ్గర ఉంటుంది. 'అన్నీ డువాసెలీ' అని రాసేముందు ఈ భాగహారం చేయండి.

డీఎన్‌ఏ తీయడం

పిల్లంతా నూరేయకండి. మాంటిల్ అంచు నుంచి గుండుసూది మొనంత ముక్క చాలు, తల, రెక్కలు, చేతులు వోచర్‌గా మిగలాలి. కత్తెర, పట్టకారులను పిల్లకూ పిల్లకూ మధ్య బ్లీచ్‌లో ముంచి, నీటితో కడిగి, మంటలో చూపించండి.

ముక్కను టిష్యూ మీద ఒత్తి, మూత తెరిచి ఇథనాల్ పూర్తిగా ఆరనివ్వండి. 10 శాతం చెలెక్స్ (డీఎన్‌ఏను కాపాడే రెసిన్ పూసలు) 100 మైక్రోలీటర్లు, ప్రొటీనేజ్-కె (ప్రొటీన్లను కరిగించే ఎంజైము) 5 మైక్రోలీటర్లు వేసి 56 డిగ్రీల్లో మూడు గంటలో, రాత్రంతానో ఉంచండి. తర్వాత 95 డిగ్రీల్లో 10 నిమిషాలు, ఆపై సెంట్రిఫ్యూజ్. పైన తేరిన ద్రవంలోనే డీఎన్‌ఏ ఉంటుంది. చెలెక్స్ పూసలు ఒక్కటి పీసీఆర్ గొట్టంలోకి వెళ్లినా రియాక్షన్ ఆగిపోతుంది, పిపెట్ మొన పైనే ఉంచండి. పెద్ద స్క్విడ్‌లకు ఈ పద్ధతి ఒక్కోసారి మొరాయిస్తుంది, వాటి ఒంటి జిగురే కారణం. డీఎన్‌ఏను పదింతలు పలుచన చేసి మళ్లీ ప్రయత్నించండి, కుదరకపోతే కిట్ వాడండి.

పెద్దవాటి డీఎన్‌ఏ తీసిన రోజు పిల్లల డీఎన్‌ఏ తీయొద్దు. పెద్దదాని చిన్న తుంపర పిల్ల గొట్టంలో పడితే వచ్చేది పెద్దదాని పేరే. ప్రతి విడతలో కండ లేని ఖాళీ గొట్టం ఒకటి చివరి దాకా నడపండి.

పీసీఆర్, సీక్వెన్సింగ్

మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు ఈ పనికి ప్రపంచమంతా వాడే బార్‌కోడ్, అంటే జాతిని గుర్తుపట్టించే డీఎన్‌ఏ ముక్క. 1994లో ఫోల్మర్ బృందం ఇచ్చిన ఎల్‌సీఓ1490, హెచ్‌సీఓ2198 ప్రైమర్లు (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) స్క్విడ్‌లో చాలావరకు పనిచేస్తాయి, 658 అక్షరాల ముక్క వస్తుంది. 25 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో: రెడీమేడ్ మాస్టర్‌మిక్స్ 12.5, 10 మైక్రోమోలార్ ప్రైమర్లు ఒక్కోటి 1, డీఎన్‌ఏ 2, మిగతా 8.5 నీళ్లు. 94 డిగ్రీల్లో 3 నిమిషాలు. తర్వాత 94లో 30 సెకన్లు, 48లో 40 సెకన్లు, 72లో ఒక నిమిషం, ఇలా 35 సార్లు. చివర 72లో 7 నిమిషాలు. జెల్ మీద బ్యాండ్ (డీఎన్‌ఏ గీత) రాకపోతే 48ని 45కు దించండి, అదనపు బ్యాండ్లు వస్తే 50కి పెంచండి.

అప్పటికీ మొండికేస్తే 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ జన్యువును ప్రయత్నించండి. సీఓఐ అంత వేగంగా మారదు కానీ ప్రైమర్లు దాదాపు అన్నింటిలోనూ అతుక్కుంటాయి. అనుమానమున్న పిల్లలకు రెండు జన్యువులూ చేస్తే గొడవ ఉండదు.

1.5 శాతం అగరోజ్ జెల్ మీద ఖాళీ గొట్టం బ్యాండ్ చూపిస్తే ఆ విడత మొత్తం పారేయండి. మనసు ఒప్పదు, అయినా పారేయండి. శుభ్రమైన వాటిని రెండు వైపుల నుంచీ శాంగర్ సీక్వెన్సింగ్‌కు పంపండి. హైదరాబాద్, బెంగళూరుల్లో సర్వీసు ల్యాబులున్నాయి. దేశం బయటికి శాంపిళ్లు పంపాలంటే జీవవైవిధ్య చట్టం కాగితాలు చూసుకోవాలి, ఆ తలనొప్పి ఎందుకు.

అక్షరాల నుంచి పేరు దాకా

వచ్చిన క్రోమటోగ్రామ్‌ను, అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో శిఖరం చూపే గ్రాఫును, కళ్లతో చూడండి. రెండు చివర్లా గజిబిజిగా ఉన్నచోట కత్తిరించండి. రెండు వైపుల చదువూ కలిపి 500 అక్షరాలకు తగ్గకుండా మిగలాలి. తర్వాత దాన్ని ప్రొటీన్‌గా తర్జుమా చేయండి, వెన్నెముక లేని జీవుల మైటోకాండ్రియా కోడ్ ఎంచుకుని. మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ ఇక్కడితో ఆగాలనే గుర్తు) కనబడితే అది అసలు సీఓఐ కాకపోవచ్చు, కేంద్రకంలో ఇరుక్కున్న పాత నకలు కావచ్చు. లేదా మీరే ఒక అక్షరం తప్పు చదివి ఉంటారు. చాలాసార్లు రెండోదే.

ఇప్పుడు మీ సీక్వెన్స్‌ను డేటాబేస్‌లతో పోల్చే బ్లాస్ట్‌లో, బోల్డ్‌లో వెతకండి. మొదటి వరుసలో వచ్చిన పేరు రాసుకుని లేచిపోకండి. మొదటి ఇరవై ఫలితాలు చూడండి. ఒకే పేరు కింద 99 శాతంవి, 90 శాతంవి రెండూ ఉంటే, ఆ పేరు కింద రెండు జాతులు దాగున్నాయనో, ఎవరో తప్పు పేరు పెట్టారనో అర్థం. అక్కడే మీ హార్బర్ రిఫరెన్స్ ఆదుకుంటుంది. మీ పెద్ద స్క్విడ్‌లు, మీ పిల్లలు, డేటాబేస్ నుంచి తెచ్చినవి అన్నీ కలిపి మెగా సాఫ్ట్‌వేర్‌లో ఒక చెట్టు గీయండి. పిల్ల ఏ కొమ్మ మీద కూర్చుందో చూడండి. ఒకే జాతిలోని తేడాలు సాధారణంగా 1, 2 శాతం లోపు ఉంటాయి, జాతుల మధ్య తేడాలు దానికి ఎన్నో రెట్లు. ఆ ఖాళీ మీ డేటాలో ఎక్కడుందో మీరే కొలవండి. ఎక్కడో చదివిన 2 శాతం గీతను గుడ్డిగా తెచ్చి పెట్టకండి.

ఏ కొమ్మకూ చెందకపోతే 'యూరోట్యూథిస్, జాతి తెలియదు' అని రాయండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. నలభై పిల్లలకు ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకే సీక్వెన్స్ వస్తే మాత్రం సంబరపడకముందు కలుషితం కాలేదని తేల్చుకోండి. వేరే రోజు, వేరే గదిలో ఐదింటిని మళ్లీ చేయండి.

మ్యాపు

జాతికో మ్యాపు గీయండి. క్యూజీఐఎస్ ఉచితం. లోతు గీతలు, స్టేషన్లు, దొరికినచోట సాంద్రతను బట్టి చిన్నా పెద్దా గుండ్రాలు. ఏమీ దొరకని స్టేషన్‌ను కూడా గుణకారం గుర్తుతో చూపించండి. వలేసి సున్నా రావడం వేరు, వలే వేయకపోవడం వేరు. చదివేవాడికి ఆ తేడా కనబడాలి.

ఈ డేటాలో సున్నాలు బోలెడు ఉంటాయి, కాబట్టి మామూలు సగటు, మామూలు రిగ్రెషన్ పనికిరావు. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో మొదట ఉందా లేదా అన్నదాన్ని లోతు, ఉప్పు, వేడి, పగలు-రాత్రితో కలిపి చూడండి. ఉన్నచోట ఎన్ని అన్నది తర్వాతి మెట్టు, అందులో వడగట్టిన నీటిని ఆఫ్‌సెట్‌గా, అంటే లెక్కలో ముందే సర్దే కొలతగా, పెట్టాలి. ఇరవై స్టేషన్ల డేటాకు ఏడెనిమిది కారణాలు ఎక్కించొద్దు. ఉపగ్రహ క్లోరోఫిల్, ఉపరితల వేడి లాంటి సమాచారం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచి తెచ్చుకోవచ్చు.

పిల్ల దొరికిన చోటే పుట్టిందనుకోవడం తేలికగా జరిగే పొరపాటు. స్టాటోలిత్ ఉంగరాలు లెక్కపెడితే వయసు రోజుల్లో వస్తుంది, ఇథనాల్ వాడినందుకు దక్కే లాభం ఇదే. పది రోజుల పిల్ల అనుకోండి. సెకనుకు 20 సెం.మీ. ప్రవాహం రోజుకు 17 కిలోమీటర్లు మోస్తుంది, పది రోజుల్లో 170కి పైగా. విశాఖ దగ్గర మార్చిలో పట్టిన పిల్ల కాకినాడ దగ్గర పుట్టి ఉండొచ్చు. అడుగున ప్రవాహం ఇంతకన్నా నెమ్మది కాబట్టి ఇది పైహద్దు, అయినా 'ఇదే పుట్టినచోటు' అనే మాటను ఆపడానికి సరిపోతుంది.

సీక్వెన్సులు జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో పెట్టేటప్పుడు అక్షాంశం, రేఖాంశం, లోతు, తేదీ, వోచర్ నంబరు అన్నీ ఇవ్వండి. పిల్ల నుంచి వచ్చిందా పెద్దదాన్నుంచా అన్నది కూడా. మీ తర్వాత బ్లాస్ట్ చేసేవాడికి మీరే ఆ మొదటి వరుస.

మ్యాపు అచ్చుకు పంపేముందు ఒక ప్రింటు పట్టుకుని జెట్టీకి వెళ్లండి. సరంగులకు చూపించి, వలకు జిగురు గుడ్ల గొట్టాలు చుట్టుకునేది ఎక్కడ, ఏ నెలలో అని అడగండి. వాళ్లు వేలు పెట్టి చూపించిన చోట మీ గుణకారం గుర్తు ఉందంటే, వచ్చే సీజన్‌లో మొదటి స్టేషన్ అక్కడే. ఆ గుడ్ల గొట్టం ఒకటి ఇథనాల్‌లో వేసి తెచ్చిపెట్టమని సీసా ఇచ్చి రండి, లోపలి పిండానికి కూడా ఇదే పీసీఆర్ నడుస్తుంది.